కొల్లేటికోట, పేరంటాల కనమ : ఒక ఐతిహ్యమునకు వెనుకనున్న జలదుర్గములు

కొల్లేటి సరస్సు నడుమ ఒక కోట యుండెననియు, దానిని పట్టుటకు శత్రువులు సరస్సు నీటిని సముద్రమునకు త్రవ్వి విడిచిరనియు, ఆ త్రవ్వకమునకు ఒక కన్య బలియయ్యెననియు ఆ ప్రాంతమున ఒక కథ చిరకాలముగా వాడుకలో నున్నది. ఆంగ్లప్రభుత్వ కాలమున వెలసిన జిల్లా గ్రంథములలో నిది కొలదిపాటి వాక్యములతో ఎక్కినది. ఆ పిదప వ్రాసినవారు పెక్కురు ఆ వాక్యములనే తిరిగి వ్రాసిరి. కథలోని కోటలు నిజముగా ఎక్కడ నుండెను, ఏ కాలమువి, ఎట్టివి అను ప్రశ్నలను స్థలమును ముందుంచుకొని విచారించినవారు తక్కువ. ఈ వ్యాసమున మేము ఆ మూడు ప్రశ్నలను చేపట్టుచున్నాము. ఇందుకు కథాపాఠము, స్థలనామములు, శాసన కావ్యసాక్ష్యము, నేలతీరు అను నాలుగు ఆధారములను గ్రహించితిమి.

కథ యిది. లాంగూల గజపతి యను ఓఢ్రరాజునకు సరస్సులోని లంకమీద ఒక కోట కలదు. అదియే కొల్లేటికోట. మహమ్మదీయ సేనాని యొకడు దండెత్తివచ్చి ఒడ్డుననున్న చిగురుకోటవద్ద విడిసెను. నడుమ నీరుండుటచే కోటను చేరజాలకపోయెను. అంతట సరస్సు నీరు సముద్రములోనికి పోవునట్లు కాలువ త్రవ్వించెను. నేటి ఉప్పుటేరు అదియే యందురు. ఆ పని నెరవేరుటకు దేవతలను తృప్తిపరుపదలచి ఓఢ్ర సేనాని తన కూతురినే బలియిచ్చెను. ఆ కన్య పేరంటాలయ్యెను. ఆ త్రవ్వకమునకు పేరంటాల కనమ యను పేరు నిలిచెను.

ఈ కథను ఒక్కమారు చదివినవారికే ఒక చిక్కు తోచును. కాలువ త్రవ్వినవాడు ముట్టడించినవాడు. బలియిచ్చినవాడు ముట్టడికి గురియైన పక్షమువాడు. శత్రువు త్రవ్వు కాలువ సఫలమగుటకు కోటవాడు తన బిడ్డను బలియిచ్చుట యెట్లు? కోట నిలుచుటకే బలి జరిగినచో, కాలువకు ఆమె పేరు పెట్టుట యెందులకు? కథలో నెక్కడనో రెండు కథలు అతుకబడినవని ఈ అతుకే చెప్పుచున్నది. ఆ రెండింటిని విడదీయుటయే మా యత్నము.

కథానాయకుని కాలము

ముందుగా రాజునుగూర్చి విచారింతము. ఓఢ్ర సంప్రదాయమున లాంగూల బిరుదముతో ప్రసిద్ధుడైనవాడు తూర్పుగాంగ వంశీయుడైన మొదటి నరసింహదేవుడు. కోణార్క దేవాలయమును కట్టించిన రాజతడే. అతడు 1238 మొదలు 1264 వఱకు రాజ్యమేలెను. ఆ కాలమున వేంగీమండలము కాకతీయ గణపతిదేవుని (1199-1262) ప్రాబల్యములో నుండెను. తెలుగుదేశముపై ఢిల్లీ సేనల దాడులు 14వ శతాబ్దారంభమునగాని మొదలు కాలేదు. కావున ఆ నరసింహుడు కొల్లేట మహమ్మదీయ సేనాని ముట్టడికి గురియగుట పొసగదు.

గజపతులని చరిత్రలో పేరొందిన సూర్యవంశపు రాజులు కపిలేంద్రునితో 15వ శతాబ్దమున వచ్చినవారు. కపిలేంద్రుని సేనలు రాజమహేంద్రవరమును, 1454లో కొండవీటిని లోగొనెను. 1470వ దశకమున బహమనీ సేనలు ఈ తీరమునకు వచ్చెను. 16వ శతాబ్దమున గోలకొండ సుల్తానులు కొండపల్లి, ఏలూరు ప్రాంతములను తమవిగా చేసికొనిరి. కథలోని ముట్టడికి చారిత్రకమైన తావు ఈ నూఱేండ్లలో దొరకును. కాని నాయకుని పేరు అంతకు రెండువందల యేండ్ల వెనుకటిది. గజపతి శబ్దమునుబట్టి ప్రఖ్యాతమైన పాతపేరు క్రొత్త యుద్ధమునకు వచ్చి చేరినది. ఐతిహ్యములలో నిది సామాన్యము. జనము యుద్ధమును మఱవరు. రాజును మాత్రము తమకు తెలిసిన పెద్దరాజుగా మార్చుకొందురు.

సరస్సులో కోటలు : వ్రాతసాక్ష్యము

అయినచో సరస్సులో కోట యను భావము గజపతులతోనే పుట్టినదా? కాదనుటకు బలమైన సాక్ష్యములున్నవి.

రెండవ పులకేశి విజయములను వర్ణించు ఐహొళె శాసనము శకవర్షము 556లో, అనగా క్రీ.శ. 634-35లో, రవికీర్తిచే రచింపబడినది. అందు పిష్టపుర విజయమునకు వెంటనే కునాల జలమును చెప్పు శ్లోకమొకటి కలదు. హతుల రక్తముచే ఆ నీరు ఎఱ్ఱబడెననియు, దాని నడిమిచోటు సన్నద్ధములైన ఏనుగుల బారులచే కప్పబడెననియు దాని తాత్పర్యము. ఈ కునాలము కొల్లేరేయని కీల్‌హారన్ పండితుడు నిర్ణయించెను. ఇది వట్టి కవిసమయమని త్రోసివేయరాదు. ఒడ్డున జరిగిన పోరు కాదు; నీటి నడుమనున్న నేలపై జరిగిన పోరు. కావున 7వ శతాబ్దమునాటికే కొల్లేటి లోపలి నేల కాపాడుకొనదగినదిగను, పట్టుకొనదగినదిగను ఉండెనని తేలుచున్నది. సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనములోని కౌరాళక మంటరాజును సయితము కొందఱు కొల్లేటికి చేర్చిరి. కాని అదే శాసనము వేంగీ హస్తివర్మను వేరుగా పేర్కొనుటచే ఆ విషయము వివాదగ్రస్తముగనే యున్నది. దానిపై మేము ఆధారపడుట లేదు.

దండి దశకుమారచరిత్రమున మంత్రగుప్తుని కథ యింకొక సూచన నిచ్చుచున్నది. అందు ఆంధ్రనగరమునకు చేరువను సముద్రమువంటి సరస్సొకటి కలదు. నాయకుడు ఆ సరస్సు గట్టున రహస్యముగా బిలమును త్రవ్వి, దానిగుండ నీటిలోని రాజును చేరి చంపును. సరస్సును నమ్ముకొన్న రాజును గట్టు త్రవ్వి గెలుచుట యను కథాబీజము అప్పటికే యుండెను. దండి కొల్లేటి ఐతిహ్యమును విని వ్రాసెనని మేమనుట లేదు. ఆ సరస్సును కొల్లేరుగా పలువురు గుర్తించిరని మాత్రము చెప్పి ఊరకుందుము.

మూడవది, తెలుగు శాఖవారికి మిక్కిలి దగ్గఱిది, కొలను రాజ్యము. 11, 12, 13 శతాబ్దములలో ఈ సరస్సును ఆశ్రయించి కొలను, సంస్కృతమున సరసీపురము, అను రాజధాని గల మండలేశ్వరులు పాలించిరి. యువరాజుగా వేంగికి వచ్చిన విక్రమచోళుడు కొలనివీడగు తెలుంగభీముని ఓడించెనని చోళ ప్రశస్తులు చెప్పుచున్నవి. పిదప గణపతిదేవుని కాలమున ఇందులూరి సోమమంత్రి కొలనును జయించెను. అతని వంశమువారికి కొలని యను ఇంటిపేరు ఆ విజయమువలన వచ్చినదే. శివయోగసారమును రచించిన కొలని గణపతిదేవుడు ఆ వంశమువాడు. ఇట్లు ఒక కోట పతనము మన సాహిత్యములో ఇంటిపేరుగా మిగిలియున్నది. ఈ కొలను నేటి ఏలూరేయని కొందఱును, సరస్సులోని తావని కొందఱును తలచిరి. స్థలనిర్ణయ మెట్లున్నను, గజపతులకు పూర్వమే సరస్సు పేరుతో ఒక రాజధానియు, దానిపై దండయాత్రలును ఉండుట నిస్సంశయము.

కోటలను వెదకు త్రోవ

కథలోని తావులను చూడగోరువారు ఆకివీడును మొదటి మజిలీగా చేసికొనుట మేలు. ఉప్పుటేరు సరస్సును విడుచు ఆగ్నేయపు అంచునకు ఈ పట్టణము చేరువలో నున్నది. గుడివాడ నుండి భీమవరమునకు పోవు రైలుమార్గము కైకలూరు, పల్లెవాడ దాటి ఉప్పుటేటిని దాటి ఆకివీడు చేరును. చిరకాలము ఈ యేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలకు ఎల్లగా నుండెను. 2022లో ఏలూరు జిల్లా యేర్పడినపుడు కైకలూరు, ముదినేపల్లి ప్రాంతము దానిలో చేరినది. ఆకివీడు పశ్చిమ గోదావరిలోనే నిలిచినది. ఐతిహ్యములోని రెండు కోటలును ఒక్క జిల్లాలోనే యుండుట పరిశోధకునకు కొంత సౌకర్యము.

వీడు అను పదమునకు పట్టణమనియు, దండు విడిసిన తావనియు అర్థములున్నవి. కన్నడ శాసనములలోని నెలెవీడు రాజు నివసించు నెలవు. ఇంతమాత్రమున ఆకివీడు ముట్టడి సేన విడిసిన తావని నిర్ణయించుట సాహసము. అయినను ఉప్పుటేటి మొదటను కావలికాయుటకు అనువైనచోట ఈ పదముతో ముగియు ఊరుండుట గుర్తింపదగినది.

ఆకివీటి నుండి కైకలూరు మీదుగా ఆలపాడు చేరి, అచ్చటినుండి లోపలికి పోయినచో కొల్లేటికోట వచ్చును. మేమును ఆ త్రోవనే పట్టితిమి. దారికి ఇరుప్రక్కల నీరు కనబడునుగాని అది సరస్సు నీరో, చేపల చెరువు నీరో క్రొత్తవాడు పోల్చుకొనలేడు. ఊరిలో మొదట కన్నుల బడునది పెద్దింట్లమ్మ దేవాలయము. ఫాల్గుణమాసమున జరుగు జాతరకు సరస్సు చుట్టుపట్ల గ్రామములనుండి జనము వేలకొలదిగ వత్తురు. ఆ ఉత్సవమున జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణము జరుపుదురు.

ఈ జలదుర్గ యను పేరు మాకు ఈ విచారణలో ముఖ్యమైన తాళపుచెవిగా తోచుచున్నది. దుర్గ దేవత, దుర్గము కోట. నీటికోటలో వెలసిన తల్లి జలదుర్గయైనది. రాతిగోడలు మిగులని చోట కోటయొక్క శాస్త్రీయనామము దేవతాస్వరూపమున మిగిలినది. కౌటిల్యుని అర్థశాస్త్రము దుర్గములను నాలుగు విధములుగా చెప్పి, మొదట ఔదకమును పేర్కొన్నది. నీటి నడుమనున్న ద్వీపము గాని, పల్లపునేలచే చుట్టబడిన మెఱక గాని ఔదకదుర్గమగునని దానికి లక్షణము. కొల్లేటి లంకలకు ఇంతకంటె సరిపోవు లక్షణము లేదు. వానకాలమున అవి ద్వీపములు; ఎండకాలమున పల్లపునేలచే చుట్టబడిన మెఱకలు.

కోటయనగానే మన కన్నులకు కొండవీడు, కొండపల్లి గోడలు తోచును. ఆ దృష్టితో కొల్లేటికి పోయినవాడు నిరాశతో మఱలును. డెల్టా నేలలో రాయి దొరకదు. అచ్చటి కోట కట్టవలసినది మట్టితోను, ఇటుకతోను, కఱ్ఱతోను. అన్నిటికంటె ముఖ్యముగా నీరే దాని ప్రాకారము, నీరే అగడ్త. నీరు గోడయైన చోట గోడకొఱకు వెదకుట వ్యర్థము. వెదకవలసినది నీటిమట్టము యొక్క చరిత్ర.

చిగురుకోట ముదినేపల్లి మండలములోని గ్రామము. నేటి సరస్సు అంచునకు అది దూరముగానున్నది. గుడివాడ వైపునుండి, అనగా పడమటినుండి, వచ్చు సేనకు అది తగిన మజిలీ. కాని ఉప్పుటేటి మొదలు సరస్సునకు ఆవలివైపున నున్నది. చిగురుకోటవద్ద విడిసిన సేన సరస్సును చుట్టివచ్చి ఆగ్నేయమున కాలువ త్రవ్వవలెను. ముట్టడికథయు, కనమకథయు రెండు వేర్వేఱు మూలలకు చెందినవని పటమును చూచినను తెలియుచున్నది.

ఉప్పుటేరు త్రవ్వినదా, పుట్టినదా?

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ మిగిలిన పల్లము. రెండు నదులును ఒండ్రుమట్టితో తీరమును ముందునకు జరుపగా, నడుమనున్న ఉప్పునీటి కయ్య క్రమముగా మంచినీటి సరస్సయ్యెనని భూశాస్త్రజ్ఞుల మతము. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులు దీనిలో పడును. బయటికి పోవు త్రోవ ఉప్పుటేరొక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రమున కలియును. ఎండకాలమున పోటునీరు దానిగుండ వెనుకకు వచ్చును, పేరునకు కారణమదియే. ఇన్ని మెలికలుగల యేరు మనుష్యులు త్రవ్వినది కాదు. ఇంత దూరము త్రవ్వుటకు ముట్టడిలోనున్న సేనకు తీరికయు ఉండదు.

అట్లని కథ నిరాధారము కాదు. కథ పేర్కొన్న పేరు కనమ. కనమ యనగా సందు, కనుమ. అది అరువది కిలోమీటర్ల యేటికి పెట్టదగిన పేరు కాదు. గట్టు తెగగొట్టిన యొక గండికి తగినది. సరస్సునకు ఏటికి నడుమనున్న మెఱకను కోసి లోతుచేసినచో నీరు త్వరగా తీయును. అట్టిపని సేనకైనను, గ్రామములవారికైనను సాధ్యమే.

నీటిమట్టము కొంచెము మాఱినంతనే ఎంత నేల మాఱునో అంకెలే చెప్పును. సముద్రమట్టమునకు 10 అడుగుల ఎత్తున నీరున్నపుడు కొల్లేటి వైశాల్యము 901 చదరపు కిలోమీటర్లు. 5 అడుగులవద్ద 308. 3 అడుగులవద్ద 135. అయిదడుగులు తీసినంతనే సరస్సు మూడవవంతునకు దిగును. కోటచుట్టు ఆమడల కొలది నీరు పోయి బురదయు, బురద యెండి బాటయు అగును. ఈ సంగతి ఎఱిగినవాడే కథను కల్పించియుండవలెను. సరస్సు లోతును గాక దాని మట్టమును గెలిచినవాడే కోటను గెలుచునను యుద్ధనీతి ఈ కథలో నిక్షిప్తమైయున్నది.

బలికథ యెవరిది?

ఇక పేరంటాలినిగూర్చి. పేరంటాలనగా పుణ్యస్త్రీగా మరణించి, లేదా ఊరి మేలునకు ప్రాణమిచ్చి, దేవతయై కొలువబడు స్త్రీ. నీటిపనికి స్త్రీ ఆత్మార్పణము చేయుట దక్షిణదేశమున ప్రసిద్ధమైన కథాబీజము. అనంతపురమువద్ద బుక్కరాయసముద్రపు కట్ట తెగకుండుటకు ముసలమ్మ తన్నర్పించుకొనెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆమెకథను ముసలమ్మ మరణమను కావ్యముగా 1900లో వెలువరించిరి. కన్నడమున కెరెగె హార యను పాటలోని భాగీరథి, చెరువులో నీరు పడుటకు బలియయ్యెను. యూరపులో ఆర్తా వంతెన, స్కదర్ కోట కథలు ఈ జాతివే.

ఈ మూడు దక్షిణదేశ కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక భేదము తేటపడును. కన్నడకథలో నీరు రావలెను. అనంతపురమున నీరు నిలువవలెను. కొల్లేటియందు నీరు పోవలెను. ప్రతి సీమయు తన నీటికష్టమునకు తగిన పేరంటాలిని కన్నది. కఱవుసీమలో చెరువుకట్ట ప్రాణము. కొల్లేటి పల్లములో మురుగుదారి ప్రాణము. వరదనీరు నిలిచి చేలు కుళ్ళు ఊళ్ళకు ఉప్పుటేటి నోరు తెఱచుటకంటె పెద్దకోరిక లేదు. కావున పేరంటాల కనమ కథ మొదట ముట్టడికథ కాదనియు, వరదనుండి ఊళ్ళను తప్పించిన గండి కథయనియు మా అభిప్రాయము. పిమ్మట కోటకథ దానితో కలిసి, త్రవ్వినవాడు శత్రువుగా మాఱెను. బలియిచ్చినవాడు మాత్రము ఆ నేలవాడుగనే మిగిలెను. మేము మొదట చూపిన అతుకు ఇచ్చటిది.

ఇతర దేశముల పాఠము

ఐతిహ్యమును పట్టుకొని కోటలను వెదకినవారు లోకమున పెక్కురు కలరు. హైన్‌రిష్ ష్లీమన్ హోమరు కావ్యమును నమ్మి 1870వ దశకమున హిసార్లిక్ దిబ్బను త్రవ్వెను. అతనికి దొరికినది ఒక ట్రాయి కాదు. ఒకదానిపై నొకటిగా పెక్కు పట్టణములు. ప్రియము రాజు ధనమని అతడు చాటినది ఆ యుద్ధకాలమునకు వేయేండ్ల పైబడిన పాతపొరలోనిది. ఇంగ్లండులో ఆర్థరు రాజు కామెలాట్‌గా పేరొందిన క్యాడ్‌బరీ దిబ్బను లెస్లీ ఆల్కాక్ 1966 మొదలు 1970 వఱకు త్రవ్వెను. ఆర్థరు దొరకలేదు, పాత కోటను 5, 6 శతాబ్దములలో ఎవరో మరల బలపఱచిరని మాత్రము తేలెను. ఐతిహ్యము చూపిన చోటు నిజము. అది చెప్పిన పేరు అనిశ్చితము. కొల్లేటి విషయమునను ఇంతకంటె ఎక్కువ ఆశింపరాదు, ఇంతకంటె తక్కువతో తృప్తిపడను రాదు.

మనకు మార్గదర్శకులు ఇంటనే కలరు. కర్నల్ కాలిన్ మెకంజీకి కుడిభుజమై ఊరూర కైఫీయతులను, శాసనములను సేకరించిన కావలి సోదరులు ఏలూరువారు. కొల్లేటి నుండియే శాలంకాయన విజయనందివర్మ తామ్రశాసనము వెలువడినది. పెదవేగిలో పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపి వేంగీనగరపు పొరలను వెలికితీసిరి. సరస్సు లోపలి లంకలకు మాత్రము అట్టి యత్నము ఇంకను తగినంత జరుగవలసి యున్నది.

తొందర యేల?

ఈ పని వాయిదా వేయరానిది. గడచిన అర్ధశతాబ్దమున కొల్లేటి అడుగు చేపల చెరువులుగా మాఱుచు వచ్చినది. 1999లో 5 అడుగుల మట్టము వఱకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో సరస్సు చేరినది. 2005-06లో పెక్కు చెరువుల గట్లను ప్రభుత్వము తొలగించెను. గట్టు వేసినపుడును, గట్టు తీసినపుడును యంత్రము నేలను పెకలించును. మట్టికోట యొక్క శేషము మట్టియే గదా. దిబ్బ చదునైన దినమున కోట రెండవమారు కూలినట్లే. ఈ మారు దానికి కథయు మిగులదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరు కొల్లేటికి దిగినపుడు, ఉప్పుటేటి నోరు చాలునా యను ప్రశ్న లంకల జనమునకు మరల జీవన్మరణసమస్యయైనది. పేరంటాల కథకు మూలమైన కష్టము నేటికిని తీరలేదు.

కావున పరిశోధక విద్యార్థులు చేయదగిన పనులను సూచించుచున్నాము. సరస్సు లోపలి, అంచులలోని గ్రామముల పటములనుండి దిబ్బ, కోట, గట్టు, కనమ, వీడు అను పదములుగల పొలముల పేర్లను ఎత్తి వ్రాయవలెను. పెద్దింట్లమ్మ జాతరలో, ముఖ్యముగా స్త్రీల నోట, పేరంటాలి కథ యెట్లున్నదో పాఠభేదములతో సేకరింపవలెను. అందు శత్రుసేనాని లేని పాఠము దొరకినచో మా యూహకు బలము కలుగును, అన్ని పాఠములలో నతడున్నచో మా యూహ సడలును. కొలని రాజుల శాసనములలోని సరసీపుర ప్రస్తావనలను ఒకచోట చేర్చి స్థలముతో పోల్చవలెను. చెరువులు త్రవ్వునపుడు బయటపడు ఇటుకలను, పెంకులను పాఱవేయకుండ సమీప పాఠశాలలలోనైనను భద్రపఱచునట్లు ఉపాధ్యాయులు గ్రామస్థులకు నేర్పవలెను.

ఇంతవఱకు చేసిన విచారణవలన తేలిన దిది. లాంగూల గజపతి కోటను ఆ పేరుతో చరిత్రలో నిలుపుట కష్టము. కాని 7వ శతాబ్దమున పులకేశి యుద్ధము, పిదప కొలను రాజధాని, గజపతి సుల్తానుల కాలపు పోరులు అను మూడుపొరల జ్ఞాపకము కొల్లేటికోట అను ఒక్క పేరుక్రింద చేరినది. పేరంటాల కనమ వేఱొక జ్ఞాపకము. అది రాజులది కాదు, నీటితో బ్రదికిన ఊళ్ళది. ఈ రెండింటిలో నేటికిని ఫాల్గుణమాసమున దీపముతో నిలిచియున్నది రాజుగారి కోట కాదు, నీటిలోని తల్లి.